ఉత్తర తెలంగాణమున కొలిమినుండి కంపెనీవఱకు

తెలంగాణ చరిత్రమును రచించినవారు శాతవాహనులనుండి ఆసఫ్‌జాహీలవఱకుఁ గల రాజవంశముల పరంపరను, శాసనములను, దేవాలయములను విపులముగా వర్ణించిరి. కాని యా రాజుల కత్తులు ఏ కొలిమిలోఁ బుట్టినవి? వారి లెక్కలు వ్రాసిన కాగితము ఏ యూరిలోఁ దయారయ్యెను? ఆ వస్తువులను జేసినవారికి వానివలనఁ గలిగిన లాభమెంత? ఈ ప్రశ్నలకు మన చరిత్రగ్రంథములలో సమాధానము స్వల్పము. పరిశ్రమల చరిత్రము రాజుల చరిత్రమునకు అనుబంధము కాదు. పెక్కుచోట్ల నదియే మూలము.

గ్రామనామములు శిలాశాసనములవలెనే చరిత్రకు సాక్ష్యములు. గోదావరికి ఇరుగట్టుల నున్న పూర్వపు కరీంనగర, ఆదిలాబాదు జిల్లాలలోను, వాని పొలిమేరలలోను మూఁడు పేర్లు గమనింపఁదగియున్నవి: కమ్మర్‌పల్లి, గోదావరిఖని, కాగజ్‌నగరము. మొదటిది కమ్మరులను, రెండవది గనిని, మూఁడవది కాగితమును దెలుపుచున్నది. మొదటిపేరు చేతిపని కాలమునాఁటిది. తక్కిన రెండును యంత్రయుగమున వచ్చినవి. ఈ మూఁడు పేర్లనడుమ జరిగిన మార్పే యీ ప్రాంతపు పారిశ్రామిక చరిత్రము. 2016లో నీ రెండు జిల్లాలు అనేక జిల్లాలుగా విభజింపఁబడినను, అడవి, ఖనిజము, నది యను మూఁటి విషయమున నిదియంతయు నొక్క సీమయే.

ఉక్కు

ఈ సీమలో లోహకర్మము మిక్కిలి ప్రాచీనము. పెద్దబంకూరు, ధూళికట్ట, కోటిలింగాల త్రవ్వకములు శాతవాహనకాలపు పట్టణజీవనమును వెలికిఁ దెచ్చినవి. పెద్దబంకూరున నాణెములు వేలకొలదిగా దొరకుటయే కాక ఇనుప పనిముట్లును, కమ్మరపని జరిగిన యానవాళ్లును గానవచ్చినవి. నిర్మల ప్రాంతపు దిమ్మదుర్తి మొదలగు చోట్ల అయస్కాంతగుణముగల యినుపరాయి లభించెడిది. దానిని పొడిచేసి, నీటఁ గడిగి, తేలికయగు నిసుకను బోఁగొట్టి, మిగిలిన బరువైన నల్లని పొడిని బొగ్గుతోఁ గలిపి కొలిమిలో గాల్చెడివారు. కొలిమికి వలయునవి మూఁడు: రాయి, బొగ్గు, మట్టి. ఈ మూఁడును నొక్క దినపు నడక దూరములో దొరకుటచేతనే యిచ్చట నింతటి పరిశ్రమ వర్ధిల్లినది.

ఇనుము చేయు గ్రామములు దక్షిణాపథమున ననేకములు కలవు. ఈ సీమకుఁ బ్రత్యేకఖ్యాతి తెచ్చినది ఉక్కు. కమ్మర్‌పల్లికి సమీపమున, నిజామాబాదు జిల్లాలో, పూర్వపు కరీంనగరపు టెల్లకు చేరువ నున్న కోనసముద్రము దానికిఁ గేంద్రము. మహాత్రికోణమితి సర్వేలో వైద్యుఁడుగను భూగర్భశాస్త్రజ్ఞుఁడుగను బనిచేసిన హెన్రీ వాయిసీ యను నాంగ్లేయుఁడు 19వ శతాబ్ది యారంభదశకములలో నచ్చటికిఁ బోయి, కమ్మరుల పనిని స్వయముగాఁ జూచి వర్ణించెను. అతఁడు 1824లో మరణించెను. ఆతని రచన 1832లో బంగాళపు ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడెను. మన పరిశ్రమను గూర్చిన మొదటి శాస్త్రీయవర్ణనములలో నది యొకటి.

వాయిసీ వర్ణనమునుబట్టి యా పద్ధతి యిట్టిది. కమ్మరులు రెండుచోట్ల నుండి తెచ్చిన రెండువిధముల యినుమును గలిపెడివారు. మిట్‌పల్లి యని యతఁడు వ్రాసిన యూరి యినుము మూఁడుపాళ్లు, కొండాపూరు ఇనుము రెండుపాళ్లు. ఈ మిట్‌పల్లి నేఁటి మెట్‌పల్లియే యని తలఁచుట సమంజసము. ఆ ముక్కలను మట్టిమూసలలో నుంచి, మూఁతవేసి, సందులేకుండ మెత్తి, మూసలను కొలిమిలోఁ బేర్చి, తిత్తులతో నెడతెగక ఊఁదుచు నొక పగలు నొక రాత్రి మంటను నిలిపెడివారు. పిమ్మట మూసలను మెల్లఁగాఁ జల్లాఱనిచ్చి పగులఁగొట్టఁగా, లోపల గుండ్రని ఉక్కుముద్ద యుండెడిది. ఆ ముద్ద మిగుల పెళుసు. కావున దానిమీఁద మట్టిపూసి మరల పలుమాఱులు వేఁడిచేసి, సుత్తికి లొంగునట్లు చేసిన తరువాతనే యమ్మకమునకుఁ బెట్టెడివారు.

ఈ పనిలోని రహస్యమును నేఁటి లోహశాస్త్రము వివరింపఁగలదు. సాధారణమైన యినుములో కర్బనము మిక్కిలి తక్కువ. పోఁతయినుములో మిక్కిలి యెక్కువ. మూసలో బిగించి కరఁగించిన ఈ యుక్కులో నది సుమారు నూటికి ఒకటిన్నర పాలు. ఆలస్యముగాఁ జల్లాఱుటవలన కర్బనముతోఁ గూడిన కఠినమైన కణములు పొరలుపొరలుగా నేర్పడును. ఆ యుక్కుతోఁ జేసిన కత్తిని ఆమ్లముతోఁ గడిగినప్పుడు పొరలన్నియు నీటియలలవలెఁ గనఁబడును. పశ్చిమదేశములలో ‘డమాస్కసు కత్తి’ యని ప్రసిద్ధికెక్కిన దాని సౌందర్యమునకుఁ గారణ మిదియే. కమ్మరి యీ శాస్త్రపరిభాష నెఱుఁగఁడు. కాని మంటరంగును, మట్టిగుణమును, చల్లాఱు కాలమును ఎఱుఁగును. ఆ యెఱుక తండ్రినుండి కుమారునకు చేతిమీఁదుగా వచ్చినదే కాని తాళపత్రమున కెక్కలేదు.

ఈ యుక్కునకు విపణి పారశీకము. గోలకొండ రాజ్యపు టుక్కుతోనే యీ యలలకత్తులు తయారగునని 17వ శతాబ్దపు ఫ్రెంచి వర్తకుఁడు తావెర్నియే వ్రాసెను. ఆతని సమకాలికుఁడగు తేవెనో గోలకొండత్రోవలో ఇందల్వాయి యందు కత్తులు, బాకులు, బల్లెములు విస్తారముగాఁ దయారై దేశమంతటికిని బోవుచుండెనని పేర్కొనెను. వాయిసీ వచ్చునాఁటికిని ఇస్ఫహానునుండి వచ్చిన వర్తకుఁడు కోనసముద్రముననే విడిది చేసి, తన యెదుటనే ముద్దలను బరీక్షింపించి, తూఁపించి కొనుచుండెను. ఈ యుక్కును తమ దేశమునఁ జేయఁజూచి విఫలులైతిమని యాతఁడు వాయిసీతోఁ జెప్పెనఁట. వేల మైళ్లు దాఁటి, దొంగలకును దొరలకును సుంకములిచ్చి యొక వర్తకుఁడు పల్లెటూరి కమ్మరి గుమ్మము నొద్ద వేచియుండెననఁగా, ఆ నేర్పున కంతకు మించిన ప్రశంస యేమి కావలయును?

తెలుఁగు, కన్నడముల ‘ఉక్కు’ శబ్దమే ఆంగ్లేయుల నోట ‘ఊట్జు’గా మాఱినదని పెక్కుమంది పండితుల యభిప్రాయము. 1795లో లండను రాయల్ సొసైటీ యెదుట పియర్సను దానిని గూర్చి ప్రసంగించెను. తరువాత మైకేల్ ఫారడే స్టోడార్టు అనువానితోఁ గూడి 1820 ప్రాంతమున దాని గుణములను బరీక్షించెను. మిశ్రలోహములను గూర్చి యూరోపులో సాగిన పరిశోధనకు మన మూసయుక్కు పురికొల్పు నిచ్చినది. అయినను ఆ పరిశోధనఫలము కోనసముద్రపుఁ గొలిమికి మరలి రాలేదు.

ఈ పరిశ్రమ క్షీణించుటకుఁ గారణ మొక్కటి కాదు. 1856లో బెస్సెమరు పద్ధతి వెలువడిన పిదప యూరోపు ఉక్కు టన్నులకొలదిగా, చౌకగా రేవులలో దిగెను. ఇక్కడ ముద్ద పౌనులలెక్కన నమ్ముడువోవుచుండెను. అక్కడ నొక్క కడాయినుండి క్షణములలోఁ గొన్ని టన్నులు వెలువడుచుండెను. తుపాకి ప్రబలి కత్తికి విలువ తగ్గెను. అడవులు సర్కారు రక్షణకు లోఁబడఁగా బొగ్గునకుఁ గట్టెలు దుర్లభమయ్యెను. 20వ శతాబ్ది వచ్చుసరికి ఉక్కుచేయు కమ్మరి నాఁగటికఱ్ఱు చేయు కమ్మరిగా మిగిలెను. 2010లో బెంగుళూరు జాతీయ ఉన్నతాధ్యయన సంస్థ పండితులును ఇంగ్లండునందలి ఎక్సెటరు విశ్వవిద్యాలయము వారును గలసి యుత్తర తెలంగాణమునఁ జేసిన సర్వేలో ఇనుపచిట్టెపు గుట్టలు, మూసపెంకులు గల చోట్లు వందలకొలదిగా గుర్తింపఁబడినవి. గుట్టలు మిగిలినవి, చేతులు మిగులలేదు.

బొగ్గు

కమ్మరికొలిమి యాఱుచున్న కాలముననే మఱియొక నిప్పు రాజుకొనెను. 1871లో భారత భూగర్భసర్వే ఉద్యోగి విలియం కింగు ఇల్లందు ప్రాంతమున బొగ్గును గనుఁగొనెను. ఆ పొరలు ప్రాణహిత, గోదావరి లోయవెంట వాయవ్యముగా సాగి ఆదిలాబాదు, కరీంనగర జిల్లాల క్రింద వ్యాపించియున్నవి. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ యను పేర లండనులో నొక వాటాకంపెనీ స్థాపింపఁబడి నిజాము రాజ్యపు గనులపై హక్కును బొందెను.

ఈ కంపెనీ పుట్టుక చదువఁదగిన పాఠము. హక్కును సంపాదించిన మధ్యవర్తులు వాటాలలో పెద్దభాగమును, మూలధన మీయకయే పూర్తిగాఁ జెల్లించినట్లు లెక్కవేసికొని తమయొద్ద నుంచుకొనిరి. పిమ్మట నా వాటాలు లండను విపణిలో నమ్మఁబడెను. నిజాము ప్రభుత్వమును గొనుగోలుదారులలో నొకటి యయ్యెను. ఈ వ్యవహారమున ప్రభుత్వపు టుద్యోగియగు అబ్దుల్ హక్ పేరు బయటఁబడి, 1888లో బ్రిటిషు పార్లమెంటు సంఘ మొకటి విచారణ జరిపెను. మన నేలక్రింది బొగ్గు త్రవ్వఁబడకముందే దాని కాగితము చేతులు మాఱి లాభము పంచఁబడెనన్నమాట. కోనసముద్రమున వస్తువు పుట్టిన పిదప విలువ పుట్టెను. కంపెనీపద్ధతిలో వస్తువు పుట్టకముందే విలువ పుట్టినది. ఈ రెండు కాలములకును గల భేద మిదియే.

గనిపని 1889లో ఆరంభమై, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ యను పేర వేఱొక సంస్థ యేర్పడెను. 1945లో నిజాము ప్రభుత్వము దాని వాటాలలో నధికభాగమును గొని తన వశము చేసికొనెను. దేశమున ప్రభుత్వము నడిపిన తొలి బొగ్గుకంపెనీలలో నిది యగ్రగణ్యము. 1956లో రాష్ట్రముల పునర్విభజనముతో నది ఆంధ్రప్రదేశమునకును, 2014లో తెలంగాణమునకును సంక్రమించినది. నేఁడు నూటికి 51 వాటాలు తెలంగాణ ప్రభుత్వమునవి, 49 కేంద్రమువి.

ఇల్లందునుండి గోదావరి యుత్తరతీరమునకు గనులు వచ్చుటకు రైలే ముఖ్యకారణము. 1929లో కాజీపేట బల్హార్షా మార్గము పూర్తియయ్యెను. పెద్దపల్లి, రామగుండము, మంచిర్యాల, బెల్లంపల్లి, సిర్పూరుమీఁదుగాఁ బోవు నా మార్గము మదరాసును ఢిల్లీతో సూటిగాఁ గలిపెను. ఆ దశాబ్దమందే బెల్లంపల్లి గనులు తెఱవఁబడెను. 1960 ప్రాంతమున రామగుండము, మందమఱ్ఱి గనులు పనిలోనికి వచ్చెను. గోదావరియొడ్డున గోదావరిఖని యను పట్టణమే వెలసినది. ఎండకారున బండి దారియు వానకారున పడవయుఁ దప్ప వేఱుగతిలేని సీమ యొక్క తరములో రైలుకూఁతల సీమ యయ్యెను.

ఇక్కడ నొక్క సందేహము కలుగును. ఇనుపరాయి యొకప్రక్కను, బొగ్గు మఱియొకప్రక్కను ఉండఁగా కోనసముద్రపు సీమలో పెద్ద యుక్కు కర్మాగార మేల పుట్టలేదు? ప్రధానకారణము బొగ్గు స్వభావము. ఇనుపరాతిని పెద్దకొలిమిలోఁ గరఁగించుటకు కోకుగా మాఱఁగల బొగ్గు కావలయును. సింగరేణి బొగ్గు కోకుగా మాఱదు; ఆవిరియంత్రములకును, విద్యుత్కేంద్రములకును, సిమెంటుబట్టీలకును అది తగినది. ఇట్టి బొగ్గుతోనే ఇనుము తీయు నూతనపద్ధతి 1980లో ఖమ్మము జిల్లా పాల్వంచయందు ప్రభుత్వకర్మాగారమునఁ బ్రయోగింపఁబడినది కాని, అది కరీంనగరమునకు రాలేదు. ఈ విధముగా గనిబొగ్గు ఉక్కునకు వారసత్వము వహింపలేకపోయినది. కమ్మరి మనుమఁడు గనికూలి యయ్యెనే కాని ఉక్కుపనివాఁడు కాలేదు.

కాగితము

కోరుట్లలో చేతికాగితము చేయు పరిశ్రమ యొకప్పుడు పేరుగాంచినది. ఆ కాగితము దప్తరములలోను, వర్తకుల లెక్కపుస్తకములలోను వాడఁబడెడిది. ఉక్కునకు బెస్సెమరు పద్ధతివలెనే చేతికాగితమునకు మిల్లు పోటీ యయ్యెను. కాని యీ సందర్భమున మిల్లు దూరదేశమునఁ గాక యీ సీమలోనే వెలసినది.

హైదరాబాదు ప్రభుత్వము 1929లో నొక కోటి రూపాయలతో పారిశ్రామికనిధి నేర్పఱచెను. ప్రైవేటు మూలధనము ముందునకు రానిచోట ప్రభుత్వమే వాటాలు కొని పరిశ్రమలను నిలుపుట దాని యుద్దేశ్యము. ఆ కాలపు విధానము ఫలితముగా ఓరుగల్లున 1934లో ఆజంజాహీ బట్టలమిల్లును, బోధనున 1937లో నిజాం చక్కెర కర్మాగారమును వెలసినవి. 1938లో సిర్పూరు కాగితపుమిల్లు స్థాపింపఁబడి, 1942లో నుత్పత్తి ఆరంభించెను. వెదురు ఆదిలాబా దడవులలో విస్తారము, బొగ్గు బెల్లంపల్లి నుండి సమీపము, నీరు పెద్దవాగుది, సరకు పంపుటకు రైలు. పూర్వము కోనసముద్రమున రాయి, బొగ్గు, మట్టి కూడినట్లే యిచ్చట వెదురు, బొగ్గు, నీరు కూడినవి. మిల్లుచుట్టు నేర్పడిన యూరు కాగజ్‌నగరమయ్యెను. 1940 దశకముననే దానికి జోడుగా సిర్‌సిల్కు కర్మాగారము కృత్రిమపట్టు నూలునకై పుట్టి, 1980 దశకమున మూతపడెను.

ఈ మిల్లు చరిత్రమున మఱువరాని మఱియొక పక్షము కలదు. వెదురు మిల్లునకు ముడిసరకు. గోండు, కొలాములకు నింటిగోడ, తట్ట, బుట్ట. అడవి రక్షితప్రదేశముగాఁ బ్రకటింపఁబడినకొలఁది పోడుభూములు వారి చేతినుండి జాఱిపోయినవి. మిల్లు కట్టుచున్న కాలముననే, 1940లో, జోడేఘాటున కుమురం భీము నిజాము పోలీసుల తుపాకులకు బలియయ్యెను. ఆ తిరుగుబాటునకు మిల్లే కారణమనుట సరికాదు. కాని రెండింటి వెనుక నున్న ప్రశ్న యొక్కటే: అడవి యెవరిది? ఆ పిదప ప్రభుత్వము మానవశాస్త్రజ్ఞుఁడగు హైమన్‌డార్ఫును నియోగింపఁగా, ఆతఁడు గోండుల భూమికష్టములను వివరముగా వ్రాసెను. తత్ఫలితముగాఁ గొందఱకు పట్టాలు లభించెను. మార్లవాయిలో 1943లో గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్ర మేర్పడెను. గోండీభాషను బాఠశాలకుఁ దెచ్చిన యీ ప్రయత్నము పండితలోకము గుర్తుంచుకొనవలసినది.

2014 సెప్టెంబరులో మిల్లు మూతపడెను. వేలకుటుంబములు జీతములులేక వలసపోయినవి. 2018లో జె.కె. పేపరు కంపెనీ దానిని గైకొనఁగా మరల యంత్రములు తిరిగినవి. పేరే కాగితమైన యూరు కాగితములేక నాలుగేండ్లు గడపెను. ఒక్క కర్మాగారముమీఁద నిలిచిన పట్టణపు దుర్బలత్వమునకు నింతకంటె నిదర్శనము వలదు.

విద్యుత్తు, సిమెంటు, ఎరువు

స్వాతంత్ర్యానంతరము కోకుకానేరని యా బొగ్గే సీమకు వరమయ్యెను. సున్నపురాయి సమీపముననే యుండుటచేత మంచిర్యాల, బసంతనగరము, దేవాపురములలో సిమెంటు కర్మాగారములు వెలసినవి. ఆదిలాబాదునందలి ప్రభుత్వ సిమెంటు కర్మాగారము 1980 దశకమునఁ బుట్టి, పదేండ్లకు మించి యెక్కువకాలము నిలువలేకపోయినది. రామగుండమున 1971లో 62.5 మెగావాట్ల విద్యుత్కేంద్రమును, 1983నుండి జాతీయ థర్మల్ విద్యుత్సంస్థవారి మహాకేంద్రమును బనిచేయఁ దొడఁగినవి. ఈ మహాకేంద్రము క్రమముగా 2,600 మెగావాట్లకుఁ బెరిగెను. 2016లో సింగరేణి సంస్థయే జైపూరున 1,200 మెగావాట్ల కేంద్రమును నడపఁజొచ్చెను.

ఎరువుల కర్మాగారపు కథ విచిత్రము. బొగ్గును వాయువుగా మార్చి యూరియా చేయు పద్ధతితో 1980లో రామగుండము కర్మాగార మారంభమయ్యెను. ఆ పద్ధతి యిచ్చట నిలదొక్కుకొనలేదు. 1999లో కర్మాగారము మూసివేయఁబడెను. 2015లో నేర్పడిన నూతనకంపెనీ 2021లో అచ్చటనే సంవత్సరమునకు 12.7 లక్షల టన్నుల యూరియాకుఁ దగిన కర్మాగారమును నడపనారంభించెను. కాని యిది గొట్టముద్వారా దూరమునుండి వచ్చు సహజవాయువుతో నడచునది. బొగ్గుసీమయందే బొగ్గు విడువఁబడుట గమనింపఁదగిన మార్పు. పూర్వము పరిశ్రమ ముడిసరకును వెదకికొని వచ్చెను. నేఁడు ముడిసరకే పరిశ్రమను వెదకికొని వచ్చుచున్నది.

పెద్దకంపెనీల నీడలో చిన్నపరిశ్రమలును నిలిచినవి. కరీంనగరపు వెండితీఁగెపనికి 2007లో భౌగోళికగుర్తింపు లభించినది. నిర్మల కొయ్యబొమ్మలు, సిరిసిల్ల మరమగ్గములు, కరీంనగరపు గ్రానైటు శిలలు దేశాంతరములందును బ్రసిద్ధములు.

ఫలితార్థము

పైని చెప్పిన కథలనుండి మూఁడు విషయములు తేలుచున్నవి. మొదటిది: ముడిసరకు, ఇంధనము, మార్గము అను మూఁడును గూడినప్పుడే యిచ్చట పరిశ్రమ పుట్టెను, అందొకటి తప్పినప్పుడు నశించెను. రెండవది: ఉక్కుకాలమున నేర్పు స్థానికునిది, విపణి పరదేశిది; కంపెనీకాలమున మూలధనమును నేర్పును పరులవి, స్థానికునికి మిగిలినది కూలియు భూమినష్టమును. మూలధనము రాకుండవలెననుట దీని యర్థము కాదు. నేర్పునుగూడ స్థానికునకుఁ గల్పింపని మూలధనము, గని యెండిన దినమున, వెనుక గోతిని మాత్రమే విడిచిపోవును. మూఁడవది: వ్రాఁతలేని విద్య ఎంత గొప్పదైనను నశించును. ఇస్ఫహాను వర్తకుఁడు గుమ్మమునఁ గాచిన విద్యను నేఁడు చిట్టెపుముక్కలను బరీక్షించి యూహింపవలసివచ్చుచున్నది.

ఈ చిట్టెపుగుట్టలును నేఁడు పొలములుగాఁ జదునగుచున్నవి, బాటలకుఁ దరలింపఁబడుచున్నవి. ఇదే విధముగా తొలితరపు గనికార్మికులును, మిల్లుకార్మికులును, వెదురుకొట్టినవారును గతించుచున్నారు. గ్రామపాఠశాలల పండితులు తమ యూరి చిట్టెపుదిబ్బ యెచ్చట నున్నదో, కొలిమికి సంబంధించిన మాటలలో నేవి యింకను వాడుకలో నున్నవో, గనిలోని పనిముట్లకు నేమి పేర్లు పెట్టిరో వ్రాసియుంచినచో నది శాసనప్రతిలేఖనమునకుఁ దక్కువగాని పని కాదు. రాజుల శాసనములు శిలలమీఁద నున్నవి. అవి కొంతకాలము వేచియుండఁగలవు. కమ్మరి శాసనము మట్టిలో నున్నది, అది వేచియుండదు.